చుట్ట పరీక్ష

మన పూర్వులు పరీక్షింపక దేనిని మంచిదని యొప్పుకొనలేదు. రత్నములకు పరీక్షాశాస్త్రము కలదు. అశ్వములకు లక్షణశాస్త్రము కలదు. బంగారమునకు గీటురాయి కలదు. కవిత్వమునకు అలంకారశాస్త్రము కలదు. ఇట్లు మేలుకీళ్లను నిర్ణయించు విద్య ప్రతి వస్తువునకును వెంటనంటి యుండగా, నాలుగువందల యేండ్లుగా మన దేశమున మండుచున్న చుట్టకు మాత్రము పరీక్ష లేదా యని యెవరైన నడుగవచ్చును. కలదు. ఆ పరీక్ష యెట్లు పుట్టినది, దానిని నిలిపినవా రెవరు అనునదే నేటి నా ప్రసంగము.

ముందుగా నొక మాట. నేను చుట్టను పొగడుటకు రాలేదు. పొగాకు పొగ నోటికిని, గొంతుకును, గుండెకును చేటు చేయునని వైద్యశాస్త్రము నిస్సంశయముగా తేల్చినది. పొగను మ్రింగక నోటనే యుంచి విడిచినను ఆ చేటు తప్పదు. ఉత్తరాంధ్రమున స్త్రీలు నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగవలన అంగిటిపై పుండు పుట్టి ప్రాణముల దీయుటను వైద్యులు గ్రంథములకెక్కించిరి. నేనును భోజనానంతరము దినమున కొక చుట్ట కాల్చుచుండి వైద్యుని మాటపై మానినవాడనే. నాలుక మానినది గాని ముక్కు మానలేదు. అయినను చరిత్ర చెప్పువానికి ఒక వస్తువు హితమా యహితమా యనునది యొక ప్రశ్న; మనుష్యులు దానిని శ్రేష్ఠముగా నెట్లు చేసిరి, ఆ శ్రేష్ఠతను ఎవరు నిర్ణయించిరి యనునది వేఱొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్ననే నే డెత్తుకొనుచున్నాను.

పొగ త్రాగుట మన దేశమునకు క్రొత్త కాదు. పొగాకు మాత్రము క్రొత్తది. చరకసంహిత సూత్రస్థానమున ధూమపానము చెప్పబడినది. సుగంధద్రవ్యములను నూఱి, ఆ ముద్దను రెల్లుపుల్లకు పట్టించి, ఎండిన పిదప పుల్లను లాగివైచి, నేయి రాచి వెలిగించు ధూమవర్తి అది. అది ఔషధము. ఎప్పుడు త్రాగవలయునో, ఎంత త్రాగవలయునో, మితిమీఱినచో నేమి కీడు మూడునో యంతయు నచ్చటనే కలదు. ఆ వర్తిలో పొగాకు లేదు. ఉండుటకు వీలును లేదు. ఏలయన పొగాకు అమెరికాఖండపు మొక్క. తామ్రకూటమను సంస్కృతపదము తరువాతివారు దానికి పెట్టుకొన్న పేరు. పొగాకు మనకు ఋషులనాటినుండి కలదని వాదించు మిత్రులకు ఈ సంగతి మనవి చేయుచున్నాను.

1492వ సంవత్సరము నవంబరు మాసమున కొలంబసు పంపిన యిద్దరు మనుష్యులు క్యూబాద్వీపపు లోపలి గ్రామములకు పోయిరి. అచ్చటి తైనోజాతివారు ఎండుటాకులను చుట్టి, ఒక కొనను వెలిగించి, రెండవకొననుండి పొగను పీల్చుచుండుట వారు చూచిరి. చుట్ట ఐరోపావారి కంటబడుట కిదియే మొదలు. ఆ యిద్దరిలో రోద్రిగో దె హెరెజ్ అనువాడు స్వదేశమునకు మఱలిపోయి నోటినుండి పొగ వెడలించుచుండగా, పొరుగువారు భయపడి మతవిచారణాధికారులకు పట్టి యిచ్చిరనియు, వాడు చెఱసాలపాలయ్యెననియు నొక కథ చెప్పుదురు. సిగారను మాట మాయాజాతివారి భాషలోని 'సికార్' నుండి వచ్చినదని పలువు రందురు. ఆంగ్లేయులు వాడు షెరూటను మాట మాత్రము మన దక్షిణదేశపుదే. తమిళుల 'సురుట్టు' ఆంగ్లేయుల నోట షెరూటైనది. సురుట్టనగా చుట్టబడినది, మన చుట్టకును అర్థ మదియే.

మన దేశమునకు పొగాకును పోర్చుగీసువారు తెచ్చిరి. 1604 ప్రాంతమున అసద్ బేగను రాజోద్యోగి బీజాపురమున పొగాకును చూచి, వింతవస్తువని కొనిపోయి అక్బరుపాదుషాకు సమర్పించెను. పాదుషా వేడుకకు కొంచెము పీల్చెను. వైద్యుడు వలదని వారించెను. 1617లో జహంగీరు పొగత్రాగుటను నిషేధించెను. ఆ నిషేధము నిలువలేదు. మొగలుల కొలువునకు పొగాకు మన దక్కనునుండియే పోయినదని శ్రోతలు గమనింతురు గాక.

ఇక ప్రపంచమున చుట్టలకు తలమానికమని పేరు గన్న హవానా చుట్టను తీసికొందము. పరీక్ష యనునది యెట్లు పుట్టినదో చూచుటకు దానికంటె మంచి యుదాహరణము లేదు.

క్యూబా స్పెయినురాజుల యేలుబడిలో నుండెను. 1717లో రాజప్రభుత్వము పొగాకు వర్తకమును తన గుత్తముగా చేసికొనెను. రైతు తన యాకును సర్కారువారికే, సర్కారువారు చెప్పిన వెలకే యమ్మవలెను. రైతులు 1717లోను, 1720లోను, 1723లోను తిరుగబడిరి. 1723లో కొందరు రైతులకు మరణశిక్ష విధించి, హవానా సమీపమున వారి దేహములను దారిప్రక్క వ్రేలాడగట్టిరి. మంచి చుట్టను గూర్చి ముచ్చటించుకొను శ్రీమంతులలో నెందరికీ సంగతి తెలియునో నే నెఱుగను. ఆకు మంచిచెడ్డలను, దాని వెలను నిర్ణయించు నధికార మెవరిదను తగవులో మొదట చిందినది రైతు రక్తము.

గుత్తము నూఱేండ్లు సాగినది. ఆ కాలమున క్యూబా ఆకు ఓడలలో స్పెయినుదేశపు సెవిల్ నగరమునకు పోయి, అచ్చటి రాజకర్మాగారమున చుట్టగా మాఱెడిది. ఆకుకంటె చుట్టిన చుట్టయే సముద్రప్రయాణమునకు బాగుగా తాళునని క్రమముగా తెలిసికొనిరి. నెపోలియనుతో జరిగిన ద్వీపకల్పయుద్ధము (1808-1814) నందు స్పెయినులో పోరాడిన ఆంగ్లేయ, ఫ్రెంచి సైనికులు చుట్టయలవాటును తమ దేశములకు గొనిపోయిరి. 1817లో రాజు గుత్తమును రద్దుచేసెను. అటుపై హవానాలో కర్మాగారములు పుట్టగొడుగులవలె లేచినవి. 1844లో ఉప్‌మన్, 1845లో పార్తగాస్, 1875లో రోమియో జూలియెట్ అను పేర్లు వెలసినవి. ఈ పేర్లు నేటికిని నిలిచియున్నవి.

హవానా చుట్టకు కీర్తి తెచ్చిన ఆకు హవానానగరమున పండునది కాదు. ద్వీపపు పడమటికొనయందలి పినార్ దెల్ రియో మండలమున, వుయెల్తా అబాహో యను ప్రాంతపు టెఱ్ఱనేలలలో పండునది. 1940లో ఫెర్నాందో ఓర్తిస్ అను క్యూబా పండితుడు పొగాకును చెఱకును ఎదురెదురుగా నిలిపి యొక గ్రంథము వ్రాసెను. చెఱకు బలమును కోరును. పొగాకు లాలనను కోరును. చెఱకును గుంపుగా నఱికివైచెదరు; పొగాకును ఆకు తరువాత నాకుగా గిల్లెదరు. ఇదియే యాతని వాదములోని సారము. అయినను అందు బానిసల చెమట లేదని యనుకొనరాదు. 1886లో బానిసత్వము రద్దగువఱకు పొలములలోను కర్మాగారములలోను వారి చేతులును పనిచేసినవి.

ఒక హవానా చుట్టలో మూడు భాగములు కలవు. లోపలి కూర్పును త్రిపా యందురు, అనగా ప్రేవులు. దానిని బిగించి పట్టు ఆకు కపోతె, అనగా నంగీవంటిది. పైని కనబడు ఆకు కాపా, అనగా నుత్తరీయము. లోపలి కూర్పునకు ముఖ్యముగా మూడు జాతుల ఆకు కావలెను. మొక్క క్రిందిభాగమున పండు ఆకు వొలాదో. ఇది బాగుగా మండును. నడుమనుండునది సేకో, ఇది వాసన నిచ్చును. పైభాగమున నెక్కువ యెండ త్రాగి దళసరియైనది లిహేరో. ఇది ఘాటు నిచ్చును, మెల్లగా మండును. లిహేరో యను మాటకు స్పానిషు భాషలో తేలికయైనదని యర్థము. మూటిలోను మిక్కిలి ఘాటైనదానికి తేలికయని పేరు పెట్టుట చూడగా, విపరీతలక్షణ మన ఆలంకారికుల సొత్తు మాత్రమే కాదని తోచును. మండునది, పరిమళించునది, ఘాటైనది యను నీ మూటిని ఏ పాళ్లలో కూర్పవలయు ననునదే ప్రతి కర్మాగారపు రహస్యము.

ఆకును కోయగానే చుట్ట కాదు. దానిని దారములకు గుచ్చి చావడులలో వ్రేలాడగట్టి యాఱనిత్తురు. పచ్చదనము పోయి పసుపువన్నెయు, పిదప గోధుమవన్నెయు వచ్చును. తరువాత మండెలు వేయుదురు. మండెలోపల వేడి పుట్టును. ఆకులోని మోటుదనము, ఘాటువాయువులు వెడలిపోవును. వేడి మితిమీఱకముందే మండెను విప్పి, అడుగుది పైకి, పైది యడుగునకు మార్చి మఱల వేయుదురు. ఇట్లు పక్వమైన యాకును మూటలుగట్టి నిలువచేయుదురు. లిహేరోవంటి దళసరి యాకును రెండేండ్లకు తక్కువగాకుండ నిలువయుంచుట వాడుక. తొందర యీ పనికి శత్రువు.

పిదప చుట్టువాని చేతికి వచ్చును. వాని పనిముట్లు ఒక పలక, అర్ధచంద్రాకారపు కత్తి, కొంచెము బంక. అంతియే. ఆ గదిలో నొక విశేషము కలదు. 1865 డిసెంబరులో హవానాలోని ఎల్ ఫీగరో యను కర్మాగారమున పనివారు తమలో నొకనిని ఎత్తైన పీటపై గూర్చుండబెట్టి, వాడు చదువుచుండగా వినుచు చుట్టలు చుట్టుట మొదలిడిరి. చదువువాని కూలిని పనివారే తమ కూలిలోనుండి చెల్లించిరి. ఉదయము వార్తాపత్రికలు, పిదప నవలలు, చరిత్రలు. ఏ గ్రంథము చదువవలయునో వారే నిర్ణయించుకొనిరి. మన దేవాలయములలో పురాణకాలక్షేపమును వినుచు పత్తివత్తులు చేసికొను వృద్ధస్త్రీలు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నారు. అయితే ప్రభుత్వమునకు ఇది కంటగింపైనది, 1866లో నిషేధించిరి. వినుట మరగిన చెవులను మూయుట సాధ్యమా? ఆ యాచారము మఱల లేచినది. 1891 మొదలు హోసె మార్తి స్వాతంత్ర్యోద్యమమునకు ధనము కూర్చుకొనుటకు అమెరికాలోని ఫ్లోరిడాకు వలసపోయిన యీ పనివారికడకే పోయెను. 1935లో పుట్టిన మాంటెక్రిస్టో చుట్టకు ఆ పేరు, పనివారు మిక్కిలి మక్కువతో వినుచుండిన ద్యూమా నవలనుండి వచ్చినదని చెప్పుదురు. నవలపేరు చుట్టకు వచ్చుట యటుండనిండు. చుట్టలు చుట్టువారు సాహిత్యమును పరీక్షించిరని నేను ముఱియుచున్నాను.

ఇంతవఱకు ఉత్పత్తిమాట. ఇక చుట్ట మేలుకీళ్లను నిర్ణయించు పరీక్షను చెప్పెదను. అది పంచేంద్రియములకును పని పెట్టు పరీక్ష.

మొదటిది కన్ను. పైయాకు ఒకే వన్నె గలదై, నూనె రాచినట్లు సన్నని నిగారింపు గలదై, ఈనెలు పైకి పొడుచుకొని రాక యుండవలెను. పచ్చనిచాఱలున్నచో ఆకు తొందరగా ఆఱినదని యర్థము. శ్రేష్ఠమైన పైయాకుకొఱకు పొలముపై పలుచని గుడ్డపందిరి వేసి యెండను వడగట్టుదురు. వన్నె లేతదైనంతమాత్రమున మెత్తనిది కాదు. నల్లనిదైనంతమాత్రమున ఘాటైనది కాదు. వన్నె పైయాకుది, ఘాటు లోపలిది. మనుష్యుల విషయమునను ఇంతియే గదా!

రెండవది స్పర్శ. రెండువ్రేళ్ల నడుమ పట్టి, మొదలునుండి కొసవఱకు మెల్లగా నొక్కుచు పోవలెను. ఒకచోట రాయివలె గట్టిగా నున్నచో లోపల ఆకులు మెలిపడినవి, పొగ రాదు. ఒకచోట గుల్లగా నున్నచో ఆకు చాలలేదు. వేడిగా, త్వరగా కాలును. సమముగా నొత్తుకొని మఱల లేచినచో చుట్టినవాడు నేర్పరి.

మూడవది చెవి. చెవికడ నుంచి యొత్తినప్పుడు పెళపెళలాడినచో చుట్ట యెండిపోయినది. తడిసిన గుడ్డవలె నిశ్శబ్దముగా క్రుంగినచో చెమ్మ హెచ్చినది. గాలిలో చెమ్మ నూటికి 65 మొదలు 70 పాళ్లు గల చెక్కపెట్టెలో నుంచుట శ్రేష్ఠమని యనుభవజ్ఞు లందురు. వేడి హెచ్చినచో పొగాకుపురుగు గ్రుడ్లు పగిలి చుట్టకు సూదిబెజ్జములు పడును.

నాలుగవది ముక్కు. వెలిగింపకముందే వాసన చూడవలెను. ఎండిన గడ్డి, తోలు, చెక్క, పాతబెల్లము, ఇట్టి వాసనలు తోచినచో మేలు. పశులకొట్టమువంటి ఘాటు ముక్కుకు తగిలినచో మండెపని ముగియలేదని యర్థము. అది మండెలో వెడలిపోవలసిన అమ్మోనియా.

ఐదవది నాలుక. ఇచ్చట తొందర పనికిరాదు. మూతిని అతిగా కోయక, మంట నేరుగా తాకనీక, తిప్పుచు వెలిగించి, నిమిషమున కొక పీల్పుకంటె నెక్కువ తీయక, పొగను నోటనే త్రిప్పి విడుతురు. మంచి చుట్ట మూడుభాగములుగా మాటలాడును: మొదటిభాగమున మృదువు, నడుమ నిండుదనము, కడపట ఘాటు. కడభాగమున చేదు పుట్టినప్పుడు విడిచిపెట్టుట రసికుని లక్షణము. పిసినారి మాత్రము వ్రేళ్లు కాలువఱకు వదలడు.

ఇవి గాక అగ్నిపరీక్ష యొకటి కలదు. నిప్పు అన్నివైపుల సమముగా నడువవలెను. బూడిద రాలక యంగుళమంత నిలిచినచో లోపల తునుకలు గాక నిడుపాటి యాకులే కలవని తెలియును. ఆకు మండుటకు పొటాషియము తోడ్పడును. ఉప్పులోని క్లోరీను అడ్డుపడును. అందుచేతనే చవుడునేల యాకు నిప్పు నంటదు. బూడిద వన్నె నేలలోని లవణములనుబట్టి మాఱును. అనగా బూడిద కూడ పొలముపేరు చెప్పును.

ఇప్పుడు శ్రోతలు గ్రహించియుందురు. కన్ను చూచినది ఆఱబెట్టినవాని యోర్పును. వ్రేలు తాకినది చుట్టినవాని నేర్పును. చెవి విన్నది నిలువచేసినవాని జాగ్రత్తను. ముక్కు కనుగొన్నది మండె తిరుగవేసినవాని శ్రద్ధను. నాలుకయు నిప్పును తెలిపినవి నేలను, రైతును. పరీక్షించుట యనగా చేతులను చదువుటయే. ధూమపానము చేయు ధనికుడు తానే తీర్పరినని యనుకొనును గాని, వాడు తుదిపాఠకుడు మాత్రమే. తీర్పులన్నియు అంతకుముందే, కర్మాగారములో, కూలివాండ్ర వ్రేళ్లపై జరిగిపోయినవి. చుట్టలను ఛాయలవారీగా వేఱుచేయువారు అరువదికి పైగా ఛాయలను గుర్తింతురని చెప్పుదురు. ఒక పెట్టెలో ఎడమనుండి కుడికి ముదురునుండి లేతకు క్రమముగా పేర్చుట వారి పని.

ఆ తీర్పును లోకమున కెఱిగించుటకు హవానావారు గుఱుతులు కల్పించుకొనిరి. ఐరోపాలో దొంగహవానాలు బయలుదేఱగా, పెట్టెలపై రంగుపటములు, చుట్టనడుమ కాగితపు కంకణములు వెలసినవి. 1912లో క్యూబా ప్రభుత్వము చట్టముచేసి పెట్టెపై ముద్రపత్రమును నియమించినది. 1989నుండి పూర్తిగా చేతితో చుట్టబడినదను మాటయు పెట్టెయడుగున ముద్రింపబడుచున్నది.

ఇక బూడిదమాట వచ్చినది గనుక, దాని జాడపట్టి మన యింటికి రావచ్చును. 1890లో వెలువడిన 'ది సైన్ ఆఫ్ ది ఫోర్' అను ఆంగ్లనవలలో షెర్లాక్ హోమ్స్ అను అపరాధపరిశోధకుడు, తాను నూటనలువది విధములైన పొగాకుల బూడిదలను వేఱుపఱచుచు నొక గ్రంథము వ్రాసితినని చెప్పుకొనును. అందుకు ఉదాహరణముగా వాడు తిరుచిరాపల్లి చుట్టను, మఱి యొక హిందూదేశపు చుట్టను పేర్కొనును. ఆ రెండవదాని పేరు లుంకా. ఇది మన గోదావరి లంకయే! 1886లో యూల్, బర్నెల్ అను పండితులు ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ మాట కర్థము స్పష్టముగా కలదు: గోదావరీముఖద్వారపు లంకలలో పండిన పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట, చెన్నరాజధానిలో మిక్కిలి మన్నన పొందినది. లండను పాఠకునికి లంకచుట్ట పేరు తెలిసిన కాలమది.

లంకలకు ఆ గుణ మెట్లు వచ్చినది? వర్షాకాలమున గోదావరి పొంగి లంకలను ముంచును. వఱద తీసినపిదప క్రొత్త యొండ్రు పఱచుకొని యుండును. ఏటేట నది తానే నేలను మార్చి యెరువు వేసిపోవును. తీపునీటి నేల గనుక చవుడు లేదు. ఆకు బాగుగా మండును. వుయెల్తా అబాహోకు ఎఱ్ఱమన్ను వరమైనట్లు లంకలకు ఒండ్రు వరము. నేల యిచ్చినది, రైతు పండించెను, చుట్టువాడు చుట్టెను. అయినను నేడు ప్రపంచమున హవానా పేరెఱుగనివాడు లేడు. లంకపేరు నిఘంటువులోను నవలలోను నిలిచినది. ఏల?

లంకయాకు కాకినాడ రేవునుండి ఓడయెక్కి రంగూనునకు పోయెడిది. అచ్చట చుట్టబడి బర్మాచుట్టయను పేరుతో అమ్ముడుపోయెడిది. ఆకు మనది, పేరు పరులది. 1920వ దశకమునుండి గుంటూరు మండలపు నల్లరేగడులలో సిగరెట్లకు పనికివచ్చు వర్జీనియా పొగాకు వ్యాపించినది. రైతులు దానివైపు మొగ్గిరి. పల్లెయువకులు చుట్టను మోటుదని విడిచి సిగరెట్టు పట్టిరి. 1947లో రాజమహేంద్రవరమున పొగాకు పరిశోధనాసంస్థ స్థాపింపబడినది. ఆకును గూర్చి శాస్త్రము పెరిగినది. చుట్టువాని చేతిని గూర్చి మాత్రము ఎవరును వ్రాసిపెట్టలేదు. గురజాడవారి గిరీశమువలన చుట్ట మన సాహిత్యమున చిరంజీవియైనది. కాని ఆ చుట్టను చుట్టినవాడెవడో గిరీశమునకును అక్కఱలేదు, మనకును అక్కఱలేకపోయినది.

నేను లంకగ్రామములలో చాలకాలము బడిపంతులుగా నుంటిని. పొగాకు నాట్లకాలమునను కోతకాలమునను నా తరగతిలో సగము పలకలు కనబడెడివి కావు. తడియాకును మోసి, దాని రసము చర్మమున కెక్కి తలతిరిగి వాంతులు చేసికొను పిల్లలను చూచితిని. ఆ యూరనే చుట్టలు చుట్టు వృద్ధు డొక డుండెను. అక్షరము రాదు. ఆకును చేతబట్టి చెవికడ నలిపి, "ఇది ఎగువలంకది పంతులుగారూ, ఇంకొక నెల మండెలో నుండవలసినది" అనెడివాడు. నేను శబ్దశాస్త్రము చదివితినేగాని, ఆకు చప్పుడునుండి ఊరిపేరు చెప్పు శబ్దశాస్త్రము నాకు రాదు. ఆతడు పోయినపిదప ఆ విద్య కుమారునకు రాలేదు. వాడు రాజమహేంద్రవరమున దుకాణపు గుమాస్తాగా చేరెను. మంచిదే. కాని యొక పరీక్షాశాస్త్రము, ఒక్క తాళపత్రమైనను లేకుండ, ఆతనితో కాష్ఠమెక్కినది.

దీనికి ప్రతిగా క్యూబాలో జరిగినది చూడుడు. 1960లో విప్లవప్రభుత్వము కర్మాగారములను జాతీయము చేసెను. యజమానులు పలువురు డొమినికను దేశమునకును, హోండురాసునకును, నికరాగువాకును వలసపోయి క్యూబా విత్తనములు నాటిరి. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ క్యూబా వస్తువులను నిషేధించెను. సంతకము చేయుటకు ముందటి సాయంకాలము తన కార్యదర్శి సాలింజరును పిలిచి హవానాలు సంపాదింపుమనెననియు, అవి వేయికి పైగా చేతికి వచ్చినపిదపనే సంతకము చేసెననియు, ఆ సాలింజరే తరువాత చెప్పెను. విత్తనము సముద్రము దాటినది, చుట్టువారు సముద్రము దాటిరి. ఇప్పుడా దేశముల చుట్టలలోను శ్రేష్ఠమైనవి కలవు. క్యూబాలోనో, 1979లో నీలిబూజు తెగులు వచ్చి పంటలో చాలభాగమును హరించినది. ఇన్ని దెబ్బలు తిన్నను ఆ విద్య చావలేదు. ఏలయన అది యొకని తలలో గాక పేరులో, ముద్రలో, వేలమంది శిష్యుల వ్రేళ్లలో నిలిచియుండెను.

మహాశయులారా! చుట్ట చల్లాఱినను నష్టము లేదు. నా వంటివాడు మానుటయే మేలు. కాని దానితోపాటు, మంచి చెడ్డలను చేతితో తెలిసికొను విద్యయు చల్లాఱుట మాత్రము నష్టము. 2023లో గోదావరితీరపు ఆత్రేయపురము పూతరేకులకు భౌగోళికముద్ర లభించినది. కాగితముకంటె పలుచని యా రేకును వేడికుండపై తీయు స్త్రీల చేతికి ఇప్పుడొక యూరిపేరు తోడున్నది. మీ యూరను నేతగాడు, కమ్మరి, బెల్లమువండువాడు, గంధపుచెక్కను ముక్కుతో తూచువాడు ఉండవచ్చును. వానికడకు పోయి, మంచిదానిని నీ వెట్లు గుర్తింతువని యడుగుడు. వాడు చెప్పినది వ్రాసికొనుడు. వ్రాసినదానిక్రింద వాని పేరు వ్రాయుట మఱువకుడు.